గుండ్ల అచ్చు

కువైట్‌లో సబా అల్ సలేం అనే పేటలో నేను పనిచేసే ఇంటి పెద్దాయన ఈ చలికాలం మొదట్లో కాలం చేశాడు. ఇంట్లో అందరం ఆయన్ని బాబా అనేవాళ్ళం. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కాగితంలో కఫీల్‌గా, అంటే పూచీ ఉండే యజమానిగా ఉన్నదీ ఆయన పేరే. పరామర్శకు వచ్చేవాళ్ళు తగ్గి, మగవాళ్ళు వచ్చి కూర్చునే దివానియాలో కుర్చీలు మళ్ళీ గోడవారకు చేరాక, ఆయన గది ఖాళీ చేద్దాం రమ్మని ఆయన భార్య నన్ను పిలిచింది. ఈ దేశంలో ఇళ్ళలో పనిచేసే మేమంతా యజమానురాలిని మామా అంటాం. మామా మంచం మీద కూర్చుని చూపిస్తుంటే నేను సర్దుతున్నాను. చాన్నాళ్ళుగా కిటికీ తీయని గది. ఊదు పొగ, కాళ్ళకు రాసుకునే నూనె, పాతబడిన ఉన్ని, అన్నీ కలిసిన వాసన. మంచం కిందనుంచి ఇనప పెట్టె ఒకటి బయటికి లాగాము. అది బాబా నాన్నగారిదట. ఆయన తెరచాప ఓడల మీద బొంబాయికి ఖర్జూరాలు తీసుకుపోయి, బియ్యం, టేకు కలప తెచ్చేవాడట. పెట్టెలో ఒక కన్ను అద్దం లేని దుర్భిణి, ఎండి వంకర్లు తిరిగిన తోలు పట్టీ, తుప్పు పట్టిన డబ్బాలు ఉన్నాయి. అన్నిటికీ అడుగున గుడ్డలో చుట్టి పటకారు లాంటి వస్తువు ఒకటి ఉంది.

మామా పెద్దకొడుకు ఫహద్ అహ్మదిలో ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. ఆ వేళకు అతనూ వచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి బాదంకాయలు కొట్టేది కాబోలు అన్నాడు. మామా మిఠాయి అచ్చు అనుకుంది. పాత ఏసీతో పాటు దీన్నీ అమ్ఘరా తుక్కు దుకాణాలకు పంపేయమంది. నేను పిడులు పట్టుకుని తెరిచాను. రెండు ఇనప దిమ్మెలు నోరు తెరుచుకున్నట్టు విడిపోయాయి. ఒక్కో దిమ్మెలో సగం సగం గుంత. పైన పక్కకు జరిగే చిన్న రేకు, రేకు మధ్యలో గరాటులాగా ఏటవాలు బెజ్జం. పక్కన కొట్టిన ముద్ర అరిగిపోయి ఒక్క అంకె మాత్రం మిగిలింది. గుంత ఊళ్ళో మా ఇంట్లో ఉండిన అచ్చులోలా గుండ్రంగా లేదు. కొస తేలి, కింద రెండు గాట్లు ఉన్నాయి. అంటే నాటు తుపాకీది కాదు, పాతకాలం రైఫిల్‌ది. ఆ రేకును వేలితో జరపగానే నా నోట్లోంచి తెలుగు మాటే వచ్చింది, గుండ్ల అచ్చు అని. ఏమన్నావు అని మామా అడిగితే అరబీలో చెప్పాను, రసాస్ చేసేది అని. ఈ భాషలో తుపాకి గుండును రసాస్ అంటారు. సీసాన్ని కూడా రసాస్ అనే అంటారు. ఆ రెండూ ఒకటే మాట కావడం నా బతుకులో ఎంత పని చేసిందో వాళ్ళకు అప్పటికి తెలియదు.

మా ఊరు రాయచోటికి అవతల, కొండ కింద. చెనిక్కాయ, అంటే వేరుశనగ పంట మీద బతికే ఊరు. కాయలో గింజ పడే రోజులొస్తే కొండ మీదనుంచి అడవి పందులు మందలుగా దిగేవి. తెల్లారి చూస్తే మడకతో దున్నినట్టు చేను తిరగబడి ఉండేది. అందుకని మా నాయనకు పంటకాపలాకు తుపాకి లైసెన్సు ఉండేది. గొట్టంలోకి మందు కూరి, గుండు వేసి, గజం కడ్డీతో దట్టించి పేల్చే నాటు తుపాకి. మా తాత నుంచి వచ్చింది. ఎలక్షన్లు వస్తే దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. ఆ కొన్నాళ్ళూ నాయన చేతులు ఊపుకుంటూ ఊళ్ళో తిరిగేవాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలాగా. తుపాకితో పాటు తాత నుంచి వచ్చింది కంచు అచ్చు. అది వంటింట్లో, పప్పుగుత్తి పక్కన చిలక్కొయ్యకు వేలాడేది. మా ఇంట్లో దానికి వేరే చోటంటూ లేదు. ఎందుకంటే గుండ్లు పోసేది మా అమ్మ పొయ్యి మీదనే.

గుండ్లు పోసే రోజు మాకు పండగ. నాయన పొద్దున్నే సైకిలేసుకుని రాయచోటికి పోయి, లారీ మెకానిక్కుల దగ్గర పాడైన బ్యాటరీల లోపలి పలకలు గోనెసంచిలో వేసుకుని వచ్చేవాడు. వాకిట్లో వాటిని సుత్తితో కొట్టి, బూడిదరంగు మట్టి దులిపి, సీసం ముక్కలు చాటలో పోసేవాడు. అమ్మ సంగటి దించేసి, కంది కట్టెలు ఎగదోసి, పాత ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టేది. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, పొగాకు బుగ్గన పెట్టుకుని గడప మీద చేరేది. ఆమె రోజంతా చేసే పనుల్లో దేనికీ తొందర లేదు గానీ, సీసం దగ్గర మాత్రం ఆమె మాటే చెల్లేది. కరిగిన సీసంలో ఒక గడ్డిపోచ ముంచేది. పోచ ఎర్రబడితే సరి, భగ్గున మండితే వేడి ఎక్కువయిందని కట్టె వెనక్కు లాగమనేది. నాయన చిటికెడు తేనెమైనం వేసి కలిపేవాడు. గుప్పుమని పొగ లేచి, మడ్డి పైకి తేలేది. అది గరిటెతో తీసి అమ్మ పొయ్యి పక్కనే బూడిదలో వేసేది. మైనం, కట్టె పొగ, కాలిన ఇనుము వాసనా కలిసి వంటింట్లో రెండు మూడు రోజులు పోయేది కాదు. ఆ వాసనలోనే అన్నాలు తినేవాళ్ళం. నాకు అది ఇష్టంగా కూడా ఉండేది.

పోయబోయే ముందు అచ్చు లోపలి గుంతలను కిరసనాయిలు బుడ్డి మంట మీద పట్టి మసి పట్టించాలి. మసి లేకపోతే సీసం కంచుకు అతుక్కుంటుంది. అచ్చు చల్లగా ఉన్నప్పుడు పోసిన మొదటి గుండ్లు ముడతలు పడి, ముసలివాళ్ళ ముఖాల్లాగా వస్తాయి. నాయన వాటిని తిరిగి మూకుట్లోకే వేసేవాడు. అచ్చు వేడెక్కాక, పిడులు విప్పగానే గోనె మీదికి నున్నటి గుండు దొర్లేది. వెండిలాగా మెరిసేది. ఉన్నట్టుండి ఆ మెరుపు పోయి మబ్బు కమ్మినట్టయ్యేది. ఆ కాసేపు మెరుపు కోసం నేనూ, మా తమ్ముడు ఓబులేసూ మోకాళ్ళ మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళం. నెత్తిన మిగిలిన తోకను నాయన కత్తితో కోసి, గుండును రాతి మీద దొర్లించి చూసేవాడు. సరిగా దొర్లని వాటిల్లో ఒకటి తీసి తమ్ముడి చేతిలో పెట్టేవాడు. నాయనకు వాడంటే ప్రాణం. మా అమ్మకు నా తర్వాత ఇద్దరు కడుపులోనే పోయి, వాడు నిలిచాడు.

ఓబులేసుకు ఆ గుండ్లే బొమ్మలు. గోలీలాడేవాడు, మొలతాడుకు మూట కట్టుకునేవాడు, బుగ్గన పెట్టుకుని చప్పరించేవాడు. తియ్యగా ఉంటాయనేవాడు. నేనూ ఒకసారి నాలిక పెట్టి చూశాను, తియ్యగానే ఉంది. వాడు తొందరగా మాటలు నేర్చినవాడు. పందుల మంద ఎట్లా దిగుతుందో చేతులూ కాళ్ళూ ఆడించి చెబుతుంటే జేజి పొగాకు ఉమ్మేసి మరీ నవ్వేది. అట్లాంటివాడు కడుపునొప్పి అని ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. ముఖం పాలిపోయింది. అన్నం వద్దనేవాడు. అమ్మ వాము నీళ్ళు తాగించింది, జేజి దిష్టి తీసింది. ఒకరోజు మధ్యాహ్నం వాకిట్లో ఆడుతూనే విరుచుకుని పడిపోయాడు. కళ్ళు తేలేసి, చేతులు కొట్టుకుని, నోట్లో నురగ. రాయచోటి ఆస్పత్రిలో మూర్ఛ అని మందులిచ్చారు. కొన్నాళ్ళకు వాడు లేచి తిరిగాడు గానీ, లేచినవాడు మా ఓబులేసు కాదు. మాటలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. చివరికి అమ్మా అనే మాటా, ఆకలైతే చేసే ఒక శబ్దమూ మిగిలాయి.

ఆ ఏడే మా నాయన ఒక ఆడపందిని కొట్టాడు. దగ్గరికి పోయి చూస్తే అది చూలుతో ఉంది. పొట్టలో పిల్లలు ఇంకా కదులుతున్నాయంటూ ఆయన ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చోవడం నాకు గుర్తుంది. తమ్ముడు పడిపోయాక ఆయన ఈ రెండింటినీ కలిపేసుకున్నాడు. తన చేతి పాపం బిడ్డకు తగిలిందని నమ్మాడు. వాణ్ణి భుజాన వేసుకుని తిరగని గుడి లేదు, కట్టించని తాయెత్తు లేదు. దర్గాలకూ పోయాడు. తుపాకి మాత్రం వదల్లేకపోయాడు. చేను పోతే తినేదేముంది. అందుకని పందిని కొట్టిన ప్రతిసారీ దాని పక్కన నిలబడి తమ్ముడి పేరు చెప్పి క్షమించమని అడిగేవాడట. గుండ్లు పోసిన ప్రతిసారీ మాత్రం, వంకర గుండు ఒకటి తీసి ఆ మాటల్లేని బిడ్డ చేతిలో పెడుతూనే వచ్చాడు. వాడు ఇంక నవ్వేది ఆ ఒక్క దానికే.

నేను కువైట్ వచ్చింది వాడి మందుల కోసమే. పెళ్ళి చేసుకున్న మనిషి ఎక్కువ కాలం బతకలేదు, పిల్లలూ లేరు. మా వైపు నుంచి ఆడవాళ్ళు విమానం ఎక్కడం అప్పటికే మామూలయింది. ఈ ఇంట్లోనే చేరాను, ఇక్కడే ముసలిదాన్నయ్యాను. రెడ్డెమ్మ అనే పేరు వీళ్ళ నోరు తిరక్క రీమా అయింది. నేను వచ్చినప్పుడు ఫహద్ బడికి పోయే పిల్లవాడు. మామా చిన్నకూతురు నూరా అప్పుడే నడక నేర్చింది. ఆ పిల్ల కళ్ళకు మామా వాళ్ళమ్మ రోజూ కాటుకలాగా సుర్మా పెట్టేది. పై దేశం నుంచి తెప్పించిన నల్లరాయి నూరి చేసిన సుర్మా. పిల్ల తిండి మానేసి, పాలిపోయి, పొట్ట పట్టుకుని ఏడవడం చూస్తే ఇది ఎక్కడో చూశాననిపించేది గానీ ఎక్కడో పట్టుబడేది కాదు. మామా, నేనూ పిల్లను ఆస్పత్రికి తీసుకుపోయాము. రక్తం పరీక్ష చూసి ఈజిప్టు నుంచి వచ్చిన మిసిరీ డాక్టరు చెప్పాడు, బిడ్డ ఒంట్లో రసాస్ ఉంది అని.

నాకు అప్పటికి తెలిసిన అర్థం ఒకటే. పిల్లకు తుపాకి గుండు ఎప్పుడు తగిలిందా అని బిత్తరపోయాను. నా ముఖం చూసి మలయాళీ నర్సు హిందీలో చెప్పింది, సీసా, సీసా అని. మన మాటలో సీసా అంటే బుడ్డి. ఇంకా తికమకపడ్డాను. ఆమె విసుక్కోకుండా నన్ను పక్క గదికి తీసుకుపోయి, ఎక్స్‌రే తీసేవాళ్ళు తొడుక్కునే బరువైన అంగీని నా రెండు చేతుల మీదా వేసింది. ఆ బరువు నా చేతులకు తెలుసు. "సీసమా?" అన్నాను. ఆమె తలూపి, ఆ సుర్మా రాయిలో ఉండేది ఇదే, ఇది చిన్నపిల్లల ఒంట్లోకి పోతే మెదడును తినేస్తుంది, కడుపునొప్పి వస్తుంది, తరవాత ఫిట్స్, మాటలు పోతాయి, ఈ పాపను మీరు తొందరగా తెచ్చారు కాబట్టి మందుకు తగ్గుతుంది అని చెప్పింది. నేను ఆ అంగీని కింద పెట్టకుండా అట్లాగే నిలబడి, ఆలస్యమైతే అని అడిగాను. ఆలస్యమైతే పోయింది మళ్ళీ రాదు అంది. నోట్లో పెట్టుకుని చప్పరించినా అంతేనా అని అడిగాను. అప్పుడు ఆమె నా వైపు సరిగ్గా చూసి, ఎవరు చప్పరించారు అని అడిగింది. నేను అంగీని ఆమె చేతికిచ్చి నూరా దగ్గరికి పోయాను.

నూరాకు తగ్గింది. ఆ పిల్ల ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది, కారు తనే నడుపుతుంది. ఆ పిల్ల గలగలా మాట్లాడుతుంటే నాకు సంతోషంగా ఉంటుంది గానీ, ఆ సంతోషం చివరిదాకా నిలవదు.

అప్పట్లో మా ఊరికి ఫోనంటే పక్క వీధి అంగట్లోకి చేసి, అమ్మను పిలిపించాలి. శుక్రవారం మధ్యాహ్నం చేశాను. డాక్టరు చెప్పిందీ, నర్సు చెప్పిందీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అచ్చును, ఆ మూకుడును ఇంట్లోంచి తీసేయమన్నాను. అమ్మ, కడుపులో పోయిన ఇద్దరూ దీనికేనా అని అడిగింది. నాకు తెలియదన్నాను.

"మీ నాయనకు చెప్పొద్దు పాపా," అంది. "ఆయప్ప పంది శాపం అనుకోని బతుకుతాండాడు. శాపమైతే యాడనో ఒకచోట మొక్కుకోవచ్చు. ఇది తెలిస్తే యాడ మొక్కుకుంటాడు?"

మూకుడు బావిలో పడేశానని తర్వాత చెప్పింది. అచ్చు కనిపించడం లేదని నాయన ఇల్లంతా వెతికాడట. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారని అమ్మ నమ్మించిందట. ఆ తర్వాత ఆయన గుండ్లు అంగట్లో కొనుక్కున్నాడు.

పోయిన నెల ఫహద్, బాబా మంచం కింద దొరికిన అచ్చును అమ్ఘరాకు పంపకుండా శుభ్రంగా తుడిచి, నూనె రాసి, నా దగ్గరికి తెచ్చాడు. చేపలు పట్టే గాలానికి కట్టే సీసం బరువులు ఉన్నాయి, వాటిని కరిగించి నువ్వు పోసి చూపిస్తావా రీమా అన్నాడు. అతని కొడుకు యూసుఫ్ పక్కనే ఎగురుతున్నాడు. నేను చేయనన్నాను. ఎందుకని అడిగితే, ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ ఇంట్లో మా తమ్ముడి సంగతి చెప్పాను. అరబీలో నాకు వచ్చిన మాటలతో చెప్పేసరికి అది చాలా చిన్న కథ అయిపోయింది. మామాకు నూరా రోజులు గుర్తొచ్చాయి. ఖలాస్, ఆ వస్తువు అమ్ఘరాకు పంపెయ్యి అంది కొడుకుతో. ఫహద్ తాతగారి జ్ఞాపకం కదా అన్నాడు. ఇంట్లో చేయలేదు గానీ, అచ్చునూ యూసుఫ్‌నూ చలికాలం గుడారాలు వేసుకునే ఎడారికి తీసుకుపోయి స్నేహితులతో కలిసి పోశాడు. తిరిగొచ్చిన రోజు యూసుఫ్ చేతులు నల్లగా ఉన్నాయి. సబ్బు పెట్టి మోచేతుల దాకా తోమాను. గట్టిగా తోమాననుకుంటాను, వాడు ఏడ్చాడు. మామా వచ్చి వాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ వారంలోనే మెల్లగా చెప్పింది, నీ ఇఖామా ఎవరి పేరు మీదికీ మార్చడం లేదు, నీకూ వయసైంది, ఊరికి పోయి విశ్రాంతిగా ఉండు అని. మంచి మాటగానే చెప్పింది. ఊళ్ళో ఇప్పుడు చెనిక్కాయ వేసేవాళ్ళు లేరు. పందులు పగలే వీధుల్లో తిరుగుతున్నాయని వింటున్నాను.

ఫహద్‌కు నేను చెప్పింది సగమే. అమ్మకు ఆ ఫోన్ చేసిన మరుసటేడు సెలవు మీద ఊరికి పోయాను. తమ్ముడు అప్పటికి గడ్డం వచ్చిన మగవాడు. వాడికి అమ్మే ముద్ద పెట్టాలి. సంగటి ముద్ద గుంత చేసి, చెనిక్కాయ ఊరిబిండి పచ్చడిలో అద్ది, నోటి దాకా తేవాలి. ఇంకెవరు పెట్టినా తల తిప్పేస్తాడు. నేను పోయేసరికి అమ్మ పెట్టడం మానేసింది. కంచంలో వడ్డించి వాడి ముందు పెట్టి, తను దూరంగా పోయి కూర్చుంటోంది. వాడు కంచం వైపు చూడడు. అమ్మ కుడిచేతి వైపే చూస్తూ, ఆ శబ్దం చేస్తూ ఉంటాడు. అమ్మ ఆ చేతిని కొంగు కింద దాచుకుంటుంది. ఆ చేత్తోనే కదా మూకుడు దించింది, మడ్డి తీసింది, చాట కడిగి అదే చాటలో బియ్యం చెరిగింది. ఈ మాటలు ఆమె నాతో అనలేదు. నేనూ అడగలేదు. నాయన అవస్థపడి పెడితే రెండు ముద్దలు దిగేవి. తమ్ముడు ఎముకల గూడయ్యాడు.

నేను బయలుదేరే రోజు నాయన బస్సు దాకా సంచి మోసుకొచ్చాడు. రోడ్డు మీద సంచి దించి, కండువాతో మెడ తుడుచుకుంటూ అడిగాడు.

"మీయమ్మ వానికి ఎందుకు తినిపిచ్చడంలేదో నువ్వన్నా అడిగినావామ్మా? నేను అడిగితే లేచి పోతాంది. నా పాపానికి ఆమెకు కోపం వచ్చిందేమో."

అట్లాంటిదేమీ లేదు నాయనా అన్నాను. ఇంకో మాట నాలిక చివరి దాకా వచ్చింది. చెప్తే ఆయన తట్టుకునేలా కనబడలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఓబులేసు ఆ వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. నాకు సెలవు దొరకలేదు. అంతా అయ్యాక నాయనే ఫోన్ చేశాడు. చనిపోయిన మనిషి నోట్లో ఇంటివాళ్ళు బియ్యం గింజలు వేయడం మా వైపు ఆచారం. ఆ సమయానికి అమ్మ ఎవరూ పిలవకుండానే లేచి వచ్చిందట. వాడి తల ఒళ్ళోకి తీసుకుని, కుడిచేత్తో కొంచెం కొంచెంగా పెడుతూనే ఉందట. చాలమ్మా అని పెద్దవాళ్ళు అన్నా ఆపలేదట. చెబుతూ చెబుతూ నాయన గొంతులో ఏదో తేలిక వినబడింది.

"పోతా పోతా మీయమ్మ చేతి ముద్ద తిన్న్యాడు పాపా," అన్నాడు.